కొలత కాగితం

నాకు భయమంటే తెలియదని మా అత్తయ్య వీధంతా చెప్పుకునేది. ఇంట్లో దూరిన పామును చీపురుతో బయటికి నెట్టిన దాన్ననీ, ఇంటి ఓనరుతో మొహం మీదే మాట్లాడతాననీ. నిజమే, కాదనను. కానీ అదంతా ఆ ఎండాకాలానికి ముందు మాట. ఆ తర్వాత తలుపు ఎవరు తట్టినా ముందు నా అరచేతులకు చెమట పడుతుంది. పాలవాడు తట్టినా అంతే.

మా ఆయన పాటల రచయిత. సినిమాలకు రాశారు, రేడియోకు రాశారు, ఒకసారి సబ్బుకు కూడా రాశారు. జనం కవిగారు అనేవాళ్లు. వెన్నెల లేని పల్లవి, వీణ లేని చరణం ఆయన దగ్గర దొరకవు. ఇంట్లో బల్బు మార్చడం చేతకాని మనిషికి అంత వెన్నెల ఎక్కడినుంచి వచ్చేదో నాకు ఎన్నడూ అంతుబట్టలేదు.

ఆ పనిలో వరస ముందు, మాట తర్వాత. సంగీత దర్శకుణ్ణి మేం మాస్టారు అనేవాళ్లం. ఆయన హార్మోనియం మీద వరస వాయించి క్యాసెట్లో పంపేవారు. అందులో ఎక్కడ ఎన్ని అక్షరాలు పడతాయో తేల్చుకోవడానికి ముందు ఏవో నోటికొచ్చిన మాటలు పేర్చుకోవాలి. సినిమావాళ్లు దాన్ని డమ్మీ అంటారు. మా ఇంట్లో ఆ పని నాది. పెళ్లయిన కొత్తలో ఆయన తన్నన తానన అంటూ గదిలో తిరుగుతుంటే, నాకు ఒళ్లు మండి అదే వరసలో 'ఉల్లిపాయ లేదు ఇంట్లో, ఉప్పు డబ్బా ఖాళీ అయ్యె' అని వంటింట్లోంచి పాడాను. ఆయన కలం పట్టుకుని పరుగెత్తుకొచ్చారు. అక్షరం ఎక్కువా కాలేదు, తక్కువా కాలేదట. నేను దర్జీ కూతుర్ని, కొలత తీయడం మాకు పుట్టుకతో వచ్చిన విద్య. అందుకే ఆ కాగితానికి కొలత కాగితం అని పేరు పెట్టాను. పైన మూల 'కొలత' అని రాసి కింద గీత గీసేదాన్ని, అసలు పాటతో కలిసిపోకుండా.

నా మాటలు తీసేసి ఆయన తన మాటలు పెట్టేవారు. రెండు కాగితాలూ మాస్టారికి వెళ్లేవి. ఆయన ముందు కొలత కాగితంతో ఎవరి చేతనో పాడించి వరస సరిచూసుకుని, ఆ తర్వాత అసలు పాట రికార్డు చేసేవారు. పని అయ్యాక కొలత కాగితం మళ్లీ నా దగ్గరికి వచ్చేది. నేను దాన్ని మంచం కింద రేకు పెట్టెలో పడేసేదాన్ని. ఇరవై ఏళ్ల ఉల్లిపాయలు, బొత్తాలు, చిరిగిన దుప్పట్లు అన్నీ వరసలు కట్టుకుని ఆ పెట్టెలో పడి ఉండేవి.

ఆ ఎండాకాలం మూడు కలిసొచ్చాయి. ఎన్నికలు వచ్చాయి. కొళాయిల్లో నీళ్లు ఆగిపోయాయి. మా ఆయన కంటికి ఆపరేషన్ అయింది. ఆపరేషన్ చేసిన కంటికి కట్టు కట్టారు, రెండో కన్ను ఎప్పటినుంచో మసకే. రోజుకు నాలుగుసార్లు చుక్కలు వెయ్యాలి, బరువెత్తకూడదు, వంగకూడదు, కాగితం ముట్టకూడదు. ఆయన గోడవైపు తిరిగి పడుకునేవారు. చూపు తిరిగి రాదని మనసులో గట్టిగా పడిపోయింది. వారం రోజులుగా ఆయన నవ్వు వినలేదు నేను.

అప్పుడే పెద్దాయన ప్రచారానికి పాట కావాలని మాస్టారు క్యాసెట్ పంపారు. పెద్దాయన అంటే రాజ్యం ఏలుతున్న మనిషే. ఊళ్లో ఆయన పేరు పెట్టి మాట్లాడటం అప్పటికే మానేశారు. మాట్లాడిన ఒకరిద్దరు ఆ తర్వాత కనిపించలేదు. ఆ పాట రాయనని చెప్పే దమ్ము ఎవరికీ లేదు, మాకూ లేదు.

ఆ రోజు నేను నీళ్ల లారీ దగ్గర మూడు గంటలు నిలబడి, తోపులాటలో బిందెకు సొట్ట పడి, సగం నీళ్లతో ఇంటికొచ్చాను. వీధి మొగలో గోడంతా పెద్దాయన నవ్వుతున్న బొమ్మ. నాకు తిక్క రేగింది. మా ఆయన పక్కన కూర్చుని, క్యాసెట్ పెట్టి, నోటికి వచ్చింది వచ్చినట్టు పాడాను.

'కుర్చీకేమో కొత్త గుడ్డ, కుండకేమో పాత బీట
గోడ నిండా నీ నవ్వయ్యా, కొళాయిలో గాలి పాట'

ఆయన భుజం కదిలింది. కిసుక్కుమన్నారు. ఇంకా ఉందా అన్నారు, గోడవైపే చూస్తూ. ఎందుకు లేదు అని చరణం కూడా అందుకున్నాను.

'మెట్ల మీద పూలు నీకు, మెట్ల కింద క్యూలు మాకు
చెయ్యి ఊపి పోతివయ్యా, చెంబు ఊపి చూస్తిమయ్యా'

ఆయన పకపకా నవ్వారు. కట్టు కదులుతుంది, నవ్వకండి అని నేనే ఆయన నోరు మూయాల్సి వచ్చింది. పక్కగదిలో మా అత్తయ్య కూడా నవ్వింది. ఆవిడకు పాట ఒక్కసారి వింటే చాలు, నోటికి వచ్చేస్తుంది.

తర్వాత ఆయన లేచి కూర్చుని అసలు పాట చెప్పారు, నేను రాశాను. ఉదయభానుడు, ఉప్పొంగే జనసంద్రం, షరా మామూలే. రెండు కాగితాలూ నా చేతిరాతే. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని అత్తయ్య కేకేస్తే గబగబా మడిచి కవరులో పెట్టేశాను. పైన మూల 'కొలత' అని రాయలేదు. మర్చిపోయాను. ఇరవై ఏళ్లలో ఒక్కసారి మర్చిపోయాను.

కవరు పంపిన తొమ్మిదో రోజు. నీళ్ల లారీ ఇంకా రాలేదు. క్యూలో నా ముందు ఇస్త్రీ చేసే ఆవిడ, వెనక బడి పంతులమ్మ. ఎండకు తలల మీద కొంగులు కప్పుకుని నిలబడ్డాం. సందు చివర్నుంచి ప్రచారం వ్యాను వచ్చింది. జెండాలు, పెద్దాయన బొమ్మ, పైన రెండు మైకులు. హార్మోనియం మొదలైంది. ఆ వరస నాకు తెలుసు. ఉదయభానుడి కోసం చెవి పెట్టాను.

'కుర్చీకేమో కొత్త గుడ్డ' అంది మైకు.

నాకు ముందు అర్థం కాలేదు. నా మనసులో పాట నాకే వినిపిస్తోందనుకున్నాను. రెండో పాదం వచ్చేసరికి క్యూ అంతా నిశ్శబ్దమైపోయింది. 'కొళాయిలో గాలి పాట' అనగానే ఇస్త్రీ ఆవిడ ముందు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తర్వాత ఎవరో బిందె మీద దరువు వేశారు. ఇంకో బిందె, ఇంకోటి. వ్యాను డ్రైవరు చెయ్యి బయటపెట్టి జనానికి నమస్కారాలు పెడుతున్నాడు, పాట అంత బాగా నచ్చిందని కాబోలు. పంతులమ్మ నా వీపు మీద తట్టి, ఎవరు రాశారో గానీ వాడి చేతికి దండం పెట్టాలి అంది. బిందె అక్కడే వదిలేసి ఇంటికి నడిచాను. పరిగెత్తితే అందరూ చూస్తారని నడిచాను.

మాస్టారు అప్పటికే పెరటి తలుపు దగ్గర ఉన్నారు. ముందు తలుపున వచ్చే మనిషి పెరటి దారిన వచ్చారంటేనే కొంప మునిగిందని అర్థం. ఆయన చెప్పింది ఇదీ. కవరు తెరిచి, నా పాట చూసి, స్టూడియోలో అందరూ పడీపడీ నవ్వారట. వరస సరిచూసుకోవడానికి మామూలుగానే దాన్ని కూడా పాడించి రికార్డు చేశారట. కాగితం మీద ఏముంటే టేపు డబ్బా మీద అది రాస్తారు. కొలత అని ఉంటే కొలత అని రాసేవాళ్లు. లేదు కాబట్టి రెండు డబ్బాల మీదా ఒకే పేరు పడింది. కాపీలు తీసేవాళ్లు ఒక డబ్బా తీసుకుపోయారు. వినే తీరిక ఎవరికీ లేదు. ఊరూరా వ్యాన్లకు వెళ్లిపోయాయి.

"చెల్లెమ్మా, మన ముగ్గురికి తప్ప నువ్వు రాస్తావని ఎవరికీ తెలీదు," అన్నారు మాస్టారు. పెదవులు తెల్లబడిపోయాయి ఆయనకు. "నేను ఈ ఊళ్లో ఉండను. మీరు కూడా ఎటైనా వెళ్లిపోతే మంచిది."

కంటికి కట్టుతో ఉన్న మనిషిని తీసుకుని ఎటు వెళతాం. మాస్టారు వెళ్లిపోయాక నేను మంచం కింది రేకు పెట్టె లాగాను. మా ఆయన చప్పుడు విని ఏం చేస్తున్నావు అని అడిగారు. కాల్చేస్తున్నా అన్నాను. అన్నీనా, అన్నారు. అన్నీ, అన్నాను. పెరట్లో ఇటుకల మధ్య పెట్టి కాల్చాను. ఉల్లిపాయలు, బొత్తాలు, దుప్పట్లు, అన్నీ. పట్టపగలు పొగ వస్తే పక్కింటివాళ్లు ఏమనుకుంటారో అని పైన ఎండు కొబ్బరి పీచు వేశాను. బూడిద మొక్కలకు పోశాను. చేతులు కడుక్కోవడానికి నీళ్లు లేవు. నల్లని చేతులతోనే ఆ రోజంతా తిరిగాను.

ఆ తర్వాత రెండు రోజులు ఇంట్లో మాట గుసగుసైపోయింది. వీధిలో బండి ఆగితే ఊపిరి ఆగేది. నేను కిటికీ రెక్క సందులోంచి చూసి, అది కూరల బండి అని చెప్పేదాన్ని. ఆయన తల ఊపేవారు. బయట పిల్లలూ పెద్దలూ ఆ పాటే పాడుతున్నారు. ఒకప్పుడైతే నా మాట జనం నోట వింటే పొంగిపోయేదాన్నేమో. అప్పుడు మాత్రం అందరి నోళ్లూ కుట్టేయాలనిపించింది. అన్నిటికంటే అత్తయ్యతో చచ్చేచావు. ఆవిడకు సంగతి చెప్పాం, ఒట్టు వేయించుకున్నాం. అయినా బియ్యం ఏరుతూ, వత్తులు చేసుకుంటూ, తనకే తెలియకుండా కుర్చీకేమో కొత్త గుడ్డ అని మొదలుపెట్టేది.

మూడో రోజు మధ్యాహ్నం ఒకాయన వచ్చాడు. ఒక్కడే. బయట ఇద్దరు నిలబడ్డారని తర్వాత చూశాను. తెల్ల చొక్కా, నున్నగా దువ్విన తల. కుర్చీ చూపిస్తే జేబులోంచి రుమాలు తీసి, కుర్చీ తుడిచి, రుమాలు మళ్లీ నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని అప్పుడు కూర్చున్నాడు. ఆయన పేరు మాకు ఎప్పుడూ చెప్పలేదు. మా ఇంట్లో రుమాలాయన అనే పేరే మిగిలిపోయింది.

"కవిగారూ, నేను మీ అభిమానిని," అన్నాడు. మా ఆయన పాట ఒకటి, ఎప్పటిదో, మొదటినుంచి చివరిదాకా అప్పజెప్పాడు. వెన్నెల మెట్లు దిగి రావడం, వీణ తీగ వణకడం, ఒక్క మాట తప్పలేదు. మా ఆయనకే అంత గుర్తులేదు. ఇంకోటి చెప్పాడు. ఇంకోటి. అరిచి బెదిరించేవాడైతే ఎలాగో తట్టుకునేదాన్ని. ఈయన మర్యాదను ఎలా తట్టుకోవాలో తెలియలేదు.

తర్వాత జేబులోంచి ఒక కాగితం తీశాడు. నా కాగితమే. స్టూడియోలోంచి పట్టుకొచ్చారు.

"ఇది మీది కాదు," అన్నాడు.

"నాదే," అన్నారు మా ఆయన.

"పాతికేళ్లలో మీరు ఒక్క పాటలో చెంబు అనలేదు. కొళాయి అనలేదు. నాకు మీ పాటలన్నీ కంఠతా వచ్చు కవిగారూ. ఇది ఎవరో రాసి మీ చేత పంపించారు. వాళ్లెవరో చెప్పండి. మీరు హాయిగా పడుకోండి, కన్ను చూసుకోండి."

లోపల్నుంచి అత్తయ్య వచ్చింది. వద్దని నేను కళ్లతో చెబుతూనే ఉన్నాను. ఆవిడకు భయమేస్తే నోరు ఆగదు. "ఇంకెవరు రాస్తారు బాబూ, మా కోడలే. పొద్దస్తమానం ఇలాంటివే పాడుతుంది," అనేసింది.

రుమాలాయన నావైపు చూశాడు. నా చేతులు చూశాడు, చీర కుచ్చిళ్ల దగ్గర దోపుకున్న మసిగుడ్డ చూశాడు. చిన్నగా నవ్వాడు.

"పెద్దావిడ సరదా మనిషి," అన్నాడు. నమ్మలేదు. ఆ మాట ఆయన చెవికి మాటలా కూడా తగల్లేదు.

తర్వాత కాగితం నా ముందు పెట్టి చేతిరాత ఎవరిదమ్మా అని అడిగాడు.

ఇక్కడ నేను చెప్పాల్సింది ఒకటుంది. ఇన్నేళ్లూ ఇంటి బయట ఎవరికీ చెప్పలేదు. మా ఆయన చెప్పమన్నారని కాదు, ఎవరూ సైగ చెయ్యలేదు. నా అంతట నేనే, అడిగీ అడగకముందే, "రాత నాది, మాట ఆయనది. ఆయన చెబుతుంటే నేను రాశాను," అన్నాను. భయం అంత పని చేసింది. పామును తోసిన చేతులే ఆయన్ని ముందుకు తోశాయి.

మా ఆయన తల ఊపారు. అవును, తను రాయలేడు కదా, కన్ను ఇలా ఉంది కదా అన్నారు. ఆ గొంతులో కోపం లేదు. నాకు అదే భరించలేకపోయింది.

ఆయన్ని తీసుకెళ్లారు. నేను చుక్కల సీసా పట్టుకుని గుమ్మం దాకా వెళ్లి, రోజుకు నాలుగుసార్లు అని చెప్పాను. రుమాలాయన ఆగి, చిన్న పుస్తకం తీసి, ఏ వేళకు ఎన్ని చుక్కలో అడిగి మరీ రాసుకున్నాడు.

రెండు రోజులు గడిచాయి. అన్నం దిగలేదు, నిద్ర మాట అటుంచు. అత్తయ్య నా ఎదురుగా కూర్చుని, నేను నోరు జారాను కదా అమ్మాయ్ అని ఏడ్చేది. నువ్వు నిజమే చెప్పావు అత్తయ్యా, అబద్ధం ఆడింది నేను అన్నాను. ఆవిడ నా మొహంలోకి చూసి, ఇంకేమీ అనకుండా నా తల ఒళ్లో పెట్టుకుంది. మూడో రోజు పొద్దున రెండో చుక్కల సీసా కొని, చేతిసంచీలో వేసుకుని, ఆయన్ని తీసుకెళ్లిన ఆఫీసుకు వెళ్లాను. సీసా సాకు మాత్రమే. లోపలికెళ్లి నిజం చెప్పేద్దామని వెళ్లాను.

బల్ల మీద మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టారు. నడవాలో అటూ ఇటూ తిరిగేవాళ్లు ఎవరూ నావైపు చూడరు. ఏదో తలుపు వెనకాల ఎవరో దగ్గారు. మా ఆయన దగ్గేనా అని లేచి నిలబడ్డాను. కూర్చోమన్నారు. చెప్పాల్సిన వాక్యం మనసులో ఎన్నిసార్లు అనుకున్నానో. చివరికి పిలిచారు.

రుమాలాయన బల్ల వెనక ఉన్నాడు. కూర్చోండమ్మా అన్నాడు. నేను కూర్చోలేదు.

"ఆ పాట నేను రాశాను," అన్నాను.

"ఈ గదిలో ఎంతమంది ఇల్లాళ్లు నాతో ఈ మాట అన్నారో," అన్నాడు. "మొగుడి తప్పు నెత్తిన వేసుకోవడం. మంచి గుణమేలెండి. రుజువేమైనా ఉందా?"

రుజువు రేకు పెట్టె నిండా ఉండేది. మొక్కలకు పోశాను. నేను పాడి చూపిస్తాను, ఏ వరస అయినా ఇవ్వండి, ఇక్కడే మాటలు కడతాను అన్నాను. ఆయనకు సరదా వేసింది కాబోలు, బల్ల మీద వేళ్లతో తాళం వేస్తూ ఏదో కూనిరాగం తీశాడు. సరే అన్నట్టు నావైపు చూశాడు. నేను నోరు తెరిచాను. ఏమీ రాలేదు. గిన్నె పట్టుకుంటే పాట వచ్చే నోటికి, ఇరవై ఏళ్లు అడక్కుండానే వచ్చిన మాటల్లో ఒక్కటి రాలేదు. భయం నా కాళ్లూ చేతులే కాదు, ఆ పాటనూ తీసేసుకుంది. నాకు ఏడుపొచ్చింది.

"ఊరుకోండమ్మా," అన్నాడు రుమాలాయన. "ఇక మీరు అంత కష్టపడక్కర్లేదు. కవిగారే రాశారని తేలిపోయింది. నిన్న సాయంత్రం దాకా నాకూ అనుమానమే. ఎవరో వెనకుండి రాయించారు, కుట్ర ఉంది అనుకున్నాను. అలాంటిదైతే మీరు ఆయన్ని మళ్లీ చూసేవాళ్లు కాదు. అందుకని రెండో చరణం రాయమన్నాను. సొంతంగా రాసిన వాడైతేనే కదా అదే పాటను ముందుకు నడిపిస్తాడు. రాత్రంతా కూర్చుని రాశారు."

ఫైల్లోంచి ఒక కాగితం తీసి నావైపు తిప్పాడు. మూడు వారాలుగా కాగితం ముట్టని మనిషి రాత. మసక కంటితో తడుముకుంటూ రాసినట్టుంది, ఒక పాదం మీదికి ఇంకో పాదం ఎక్కిపోయింది. కూడబలుక్కుని చదివాను.

'అందరికీ పోసినాక అడుగు గీకే గ్లాసు చప్పుడు
కళ్ల కట్టు ఉన్నవాడికి కనపడిందయ్యా ఇప్పుడిప్పుడు
ఎడమ పక్క బిందె మోసి ఏళ్ల కొద్దీ ఒరిగె నడుము
ఇన్ని పాటలు రాసినోడా, ఇందులోన ఏది నిజము'

ఆ ఎండాకాలమంతా నీళ్లు అత్తయ్యకు పోసి, ఆయనకు పోసి, అడుగున మిగిలింది గ్లాసుతో గీకి నేను తాగేదాన్ని. ఎవరికీ తెలియదనుకున్నాను. నా నడుము ఎడమకు ఒరిగిందని నాకే తెలియదు.

"కళ్ల కట్టు సంగతి చూశారా," అన్నాడు రుమాలాయన. "ఆయన కాక ఇంకెవరు రాస్తారు ఆ మాట. పాట బాగుంది కదమ్మా?"

నన్నే చూస్తున్నాడు. మొహంలో ఒక్క నరం కదిలినా ఆయనకు దొరికిపోతాం ఇద్దరం.

"నాకు పాటల గురించి ఏం తెలుసండీ," అన్నాను.

ఆయన కాగితం ఫైల్లో పెట్టి, రుమాలుతో బల్ల తుడుచుకున్నాడు. కుట్ర లేదు కాబట్టి కవుల పొగరు కింద రాసుకుంటామని, ఇకమీద ఏ పాటా రాయనని కవిగారు సంతకం పెట్టారని, సాయంత్రం ఇంటికి తీసుకెళ్లవచ్చని చెప్పాడు. అభిమానిగా తనకు బాధగానే ఉందన్నాడు. ఆ మాట నిజంగానే అన్నాడనుకుంటాను.

సాయంత్రం ఆయన చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చాను. కట్టు మాసిపోయింది. చుక్కలు వేళకు వేశారట, పుస్తకంలో చూసుకుని మరీ. దారిలో ఇద్దరం మాట్లాడుకోలేదు. ఇంట్లో కూడా గోడలకు చెవులున్నట్టే ఉంది. ఆయన్ని వంటింట్లో పీట మీద కూర్చోబెట్టి, చప్పుడు కోసం కొళాయి తిప్పాను. నీళ్లెక్కడివి. గాలి బుస్సుమంటూ వచ్చింది. అది చాలు మా మాటలు కప్పడానికి.

"నేను అబద్ధం ఆడాను," అన్నాను. "మిమ్మల్ని తోసేశాను."

"నువ్వు అనకపోతే నేనే అనేవాణ్ణి. కొంచెం ఆలస్యమయ్యేదంతే," అన్నారు. చెవి దగ్గర చెప్పారు. "వాడు రాయమంటే ముందు చెమటలు పట్టాయి. వెన్నెల తప్ప ఏమీ రాదు నాకు. రాస్తాను, కొట్టేస్తాను. తెల్లారేలోపు రాయకపోతే నీకోసం వస్తారని తెలుస్తూనే ఉంది. అప్పుడు కళ్లు మూసుకుని, ఇంట్లో పడుకున్నట్టే పడుకున్నాను. నువ్వు వినిపించావు."

నేను ఆయన భుజం మీద తల పెట్టి చాలాసేపు ఏడ్చాను. కొళాయి బుస్సుమంటూనే ఉంది. ఆ తర్వాత ఆయన, మొదటి పాట మాస్టారికి వినిపించే కుర్రకవిలాగా బెరుకుగా అడిగారు.

"చరణం ఎలా ఉంది?"

"రెండో పాదంలో 'అయ్యా' ఎక్కువైంది," అన్నాను.

ఆయన వేళ్ల మీద లెక్క చూసుకున్నారు. అవును సుమా అన్నారు. భయంలో కొలత తప్పిందన్నారు. ఇద్దరం నవ్వాం, చప్పుడు రాకుండా, నోళ్లకు చేతులు అడ్డం పెట్టుకుని.

ఎన్నికలు అయిపోయాయి. పెద్దాయనే గెలిచాడు. మొదటి వాన పడ్డ రోజు మా ఆయన కట్టు పూర్తిగా విప్పారు, చూపు వచ్చింది. కానీ మా ఇంటికి మళ్లీ క్యాసెట్ రాలేదు. నేను మా నాన్న కత్తెర పట్టుకుని బట్టలు కుట్టాను, ఆయన పిల్లలకు చదువు చెప్పారు. వాకిట్లో ఎవరైనా ఆ పాట పాడితే ఇద్దరం కిటికీ మూసేవాళ్లం. పెద్దాయన కాలం ఎప్పుడో చెల్లిపోయింది, అయినా కిటికీ మూసే అలవాటు పోలేదు.

మా ఆయన పోయి మూడేళ్లయింది. సంతాప సభలో అందరూ లేచి నిలబడి ఆ పాట పాడారు. కవిగారు రాసినవన్నీ ఒక ఎత్తు, ఇదొక ఎత్తు అన్నారు. పల్లవి, ఒక చరణం. రెండో చరణం ఉందని ఎవరికీ తెలియదు. అది ఏ ఆఫీసు బీరువాలో మగ్గుతోందో, ఏ పొయ్యిలో పోయిందో. నేను ఇంతవరకు ఎక్కడా రాసుకోలేదు. భయం.

ఇవాళ రాశాను. నా చేతిరాతతోనే. మధ్యలో గుమ్మం దగ్గర ఏదో అలికిడైతే అరచేతులు చెమట పట్టి, సిరా కొంచెం అలుక్కుంది. ఎక్కువైన ఆ 'అయ్యా'ను ఆయన పెట్టినట్టే ఉంచాను. పైన మూల 'కొలత' అని రాయలేదు. ఈసారి మర్చిపోయి కాదు.